‘నాలుగు వందల మీటర్ల రిలే’ అంటే ఏది?

సందేహం: రష్యా పరుగుల క్రీడాకారిణి ఇరినా ప్రివలోవా గురించిన ఒక వ్యాసంలో, 1993 ప్రపంచ పోటీల్లో ఆమె జట్టు ‘నాలుగు వందల మీటర్ల రిలేలో’ స్వర్ణం గెలిచిందని చదివాను. ఇది నలుగురు తలా 100 మీటర్లు పరుగెత్తే 4×100 రిలేనా, తలా 400 మీటర్లు పరుగెత్తే 4×400 రిలేనా? అసలు 4×100 అన్నదాన్ని తెలుగులో ఎలా చదవాలి?

సమాధానం: ఆ వాక్యంలో వ్యాకరణ దోషమేమీ లేదు కానీ, మీరు పట్టుకున్న అస్పష్టత నిజమైనదే. 1993లో స్టట్‌గార్ట్‌లో జరిగిన ఆ పోటీల్లో ప్రివలోవా రెండు రిలే జట్లలోనూ ఉన్నారు. 4×100లో రష్యా, అమెరికా జట్లు రెండింటికీ 41.49 సెకన్లే నమోదు కాగా, వెంట్రుకవాసి తేడాతో స్వర్ణం రష్యాకు దక్కింది. 4×400లో రష్యాకు రజతం వచ్చింది. కాబట్టి వ్యాసకర్త ఉద్దేశించినది 4×100. అయితే ఈ సంగతి ఫలితాలు ముందే తెలిసినవారికి తప్ప, ఆ వాక్యం ఒక్కటే చదివినవారికి తెలిసే వీలు లేదు.

చిక్కు మన సంఖ్యాపదాల నిర్మాణంలోనే ఉంది. ‘నాలుగు వందలు’ అన్నది పేరుకు ఒక సంఖ్య అయినా, లోపల అది ఒక గుణకారం: వందలు నాలుగు. ‘రెండు మూళ్ళు ఆరు’ అని ఎక్కం చెప్పినట్టే 4×100ను ఉన్నదున్నట్టు చదివితే ‘నాలుగు వందలు’ అనే వస్తుంది, అది 400తో కలిసిపోతుంది. పాత తెలుగులో 400కు ‘నన్నూరు’ అనే ఏకపదం ఉండేది. ఇన్నూరు, మున్నూరు దాని తోబుట్టువులు. అది వాడుకలో నిలిచి ఉంటే ‘నన్నూరు మీటర్లు’ ఒకటి, ‘నాలుగు వందల మీటర్లు’ ఇంకొకటి అని విడదీసుకొనేవాళ్ళమేమో. కలిపి రాస్తే 400, విడదీసి రాస్తే 4×100 అని నియమం పెట్టుకుందామనే సూచన కూడా నేను విన్నాను గానీ, చెవికి వినిపించని తేడాను అచ్చులో చూపించి ప్రయోజనం లేదు.

ప్రివలోవా విషయంలో ఈ తికమక మరీ ఎక్కువ. ఆమె ఒలింపిక్ పతకాలు నాలుగు: 1992 బార్సిలోనాలో 100 మీటర్ల కాంస్యం, సోవియట్ యూనియన్ విడిపోయాక ఏర్పడిన ఉమ్మడి జట్టు తరఫున 4×100 రజతం, 2000 సిడ్నీలో 400 మీటర్ల హర్డిల్స్ (అడ్డంకులు దాటుతూ పరుగెత్తే పోటీ) స్వర్ణం, 4×400 కాంస్యం. మొదటిది తప్ప తక్కిన మూడింటినీ అజాగ్రత్తగా చెబితే మూడూ ‘నాలుగు వందల మీటర్లే’ అవుతాయి. ఇది చిన్న పొరపాటని నేను అనుకోను. ఆమె మొదట పేరు తెచ్చుకున్నది కురచ పరుగుల్లో. 60 మీటర్ల ఇండోర్ పరుగును 1993లో మాడ్రిడ్‌లో 6.92 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పి, 1995లో అక్కడే మళ్ళీ అంతే సమయం నమోదు చేశారు. అటువంటి ఆమె ముప్పై దాటాక హర్డిల్స్‌కు మారి, సిడ్నీలో 53.02 సెకన్లతో స్వర్ణం గెలవడమే ఆ కథలోని విశేషం. 1992 రిలే పతకాన్ని కూడా ‘నాలుగు వందల మీటర్ల’ ఖాతాలో వేస్తే, ఆమె మొదటినుంచీ ఆ దూరమే పరుగెత్తుతున్నారన్న భ్రమ కలిగి, ఆ విశేషం కాస్తా మాసిపోతుంది.

ఇక ఎలా చెప్పాలన్నది. రష్యన్లు 4×100ను ‘చెతీరె ప స్తో’ అంటారు. అందులోని ‘ప’ ‘ఒక్కొక్కరికి ఇంత’ అనే అర్థాన్నిచ్చే చిన్నమాట. సరిగ్గా ఆ పని చేసే ప్రత్యయం మనకూ ఉంది, అదే ‘ఏసి’. పిల్లలకు రెండేసి అరటిపండ్లు, కూలీలకు మూడేసి వందలు అంటున్నప్పుడు మనం అలవోకగా వాడేది అదే. కనుక 4×100ను ‘వందేసి మీటర్ల రిలే’ అనీ, 4×400ను ‘నాలుగేసి వందల మీటర్ల రిలే’ అనీ చెబితే ఎవరికీ సందేహం రాదు. ‘నాలుగు వందలేసి’ అన్నా తప్పు కాదు. నా చెవికి మాత్రం మొదటిదే ఇంపు. పరుగెత్తేవారు నలుగురన్నది రిలే అన్న మాటలోనే ఉంది కాబట్టి ఆ సంఖ్యను వదిలేయవచ్చు. చెప్పి తీరాలనుకుంటే ‘నలుగురు’ అనండి, ‘నాలుగు’ అనకండి. మనుషులను లెక్కపెట్టే మాట వేరుగా ఉండటం ఇక్కడ మనకు కలిసొచ్చే సంగతి.

‘రిలే’కు తెలుగు మాట కావాలనుకునేవారికి ‘అంచె’ ఉంది. వార్తను ఒకరినుంచి ఒకరు అందుకొని మోసే తపాలా ఏర్పాటుకు వెనుక ఆ పేరే ఉండేది, ‘అంచెలంచెలుగా’ అన్న మాటలో అది ఇంకా బతికే ఉంది. రిలే అన్న మాట అందరికీ తెలిసినదే కాబట్టి దాన్ని తోసేయమని నేను చెప్పను. జట్టులో ఒక్కొక్కరి వంతును మాత్రం ‘మొదటి అంచె’, ‘చివరి అంచె’ అనడం బాగుంటుంది.

వార్తాపత్రికల్లో 4×100 అని అంకెల్లో వేయడం సరైన పద్ధతే, దాన్ని మార్చనక్కరలేదు. చదివి వినిపించేటప్పుడు, అక్షరాల్లో రాసేటప్పుడు మీరు ఉదహరించిన వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘1993 ప్రపంచ పోటీల్లో ప్రివలోవా జట్టు వందేసి మీటర్ల రిలేలో స్వర్ణం, నాలుగేసి వందల మీటర్ల రిలేలో రజతం గెలిచింది.’