లద్దాఖ్ దారికి ఏ టైర్లు? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నాకు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 ఉంది. జూన్‌లో నేనూ నా మిత్రుడూ చెరొక బండి మీద వరంగల్ నుంచి నాగపూర్, ఆగ్రా మీదుగా మనాలి చేరి, స్పితి, లద్దాఖ్ చూసి రావాలనుకుంటున్నాం. బండితో వచ్చిన టైర్లు బాగా అరిగిపోయాయి. పెద్ద బటన్ టైర్లు వేయించుకోమని కొందరు, రోడ్డు టైర్లే చాలని కొందరు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: టైరును చూసే ముందు మీ దారిని చూడండి. వరంగల్ నుంచి మనాలి దాకా ఉన్న రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం దాదాపు అంతా తారు, సిమెంటు రోడ్లే. తిరుగు ప్రయాణంలోనూ అంతే. మనాలి–లేహ్ రహదారిలో కూడా ఇప్పుడు ఎక్కువ భాగం తారే. టైరుకు నిజమైన పరీక్ష గ్రాంఫూ దగ్గర మొదలై, బాతల్, కుంజుమ్ లా కనుమ మీదుగా స్పితిలోని లోసర్ వరకు సాగే రాళ్ల దారిలోనూ, మధ్యాహ్నానికి మంచు కరిగి పొంగే వాగుల్లోనూ ఎదురవుతుంది. అంటే మొత్తం ప్రయాణంలో కొన్ని వందల కిలోమీటర్ల కోసం మీరు టైరును ఎంచుకుంటున్నారు. మిగిలిన వేల కిలోమీటర్లు కూడా అదే టైరు మీద నడపాలి.

పెద్ద బటన్ టైరులో రబ్బరు దిమ్మల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి బురదలోనూ వదులు మట్టిలోనూ అది చక్కగా పట్టుకుంటుంది. అయితే తారు మీద నేలను తాకే రబ్బరు తగ్గుతుంది, వాన పడితే బ్రేకు దూరం పెరుగుతుంది, ఎత్తయిన దిమ్మలు అటూ ఇటూ వంగుతూ వేడెక్కి త్వరగా అరుగుతాయి. జూన్ ఎండలో విదర్భ దాటి ఉత్తరాదికి రోజంతా వేగంగా నడిపితే వెనక టైరు మధ్య వరుస మనాలి చేరేలోపే బాగా అరిగిపోతుంది. ఏ దారి కోసం కొన్నామో ఆ దారి రాకముందే టైరు పనితనం తగ్గిపోవడం కన్నా నష్టం ఏముంటుంది? పూర్తి రోడ్డు టైరు కూడా సరికాదు. వాగుల్లోని గుండ్రని రాళ్ల మీదా మెత్తటి దుమ్ములోనూ ముందు చక్రం జారితే బండిని నిలబెట్టుకోవడం చాలా కష్టం.

అందువల్ల తారుకూ మట్టికీ సగం సగం అని తయారీదారులు చెప్పే రకాన్ని వెనకకూ, అంతకన్నా కాస్త లోతైన దిమ్మలున్నదాన్ని ముందుకూ వేయించుకోమని నా సలహా. ముందు టైరు నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి అక్కడ లోతైన దిమ్మలు వాడినా నష్టం తక్కువ, బండిని తిప్పేది అదే కాబట్టి ప్రయోజనం ఎక్కువ. కొలతలు మాత్రం మార్చవద్దు: మీ బండికి ముందు 90/90-21, వెనక 120/90-17. కొలత పక్కన ఉండే అంకె టైరు మోయగల బరువునూ, అక్షరం తట్టుకోగల వేగాన్నీ తెలుపుతాయి. ఉదాహరణకు 54 అంటే 212 కిలోలు, 64 అంటే 280 కిలోలు, పి అంటే గంటకు 150 కిలోమీటర్లు. ఇవి బండి మాన్యువల్‌లో ఉన్నవాటి కన్నా తగ్గకూడదు. లగేజీ పెట్టెలు, గుడారం, అదనపు పెట్రోలు కట్టుకుని వెళ్లే మీకు డిజైన్ కన్నా ఇదే ముఖ్యం.

టైరు ఎంపిక గురించి ఇంతగా ఆలోచించే చాలామంది గాలి గురించి ఆలోచించరు. దయచేసి మీరు ఆ పొరపాటు చేయవద్దు. గాలిని కొలిచే గేజీ చూపేది టైరు లోపలి, బయటి ఒత్తిళ్ల మధ్య తేడాను. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో బయటి గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే కాబట్టి, వరంగల్‌లో నింపిన గాలి అక్కడ అదే ఉష్ణోగ్రత వద్ద నాలుగైదు పీఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడికి కొలమానం) ఎక్కువగా కనబడుతుంది. మరోవైపు ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది. ఈ రెండూ కొంతవరకు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి గానీ ఎంతవరకన్నది ఆ రోజు చలిని బట్టి ఉంటుంది. అందుకే రోజూ ఉదయం బండి కదలకముందు చల్లని టైరును గేజీతో కొలవాలి.

రాళ్ల దారిలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ మీది ట్యూబు టైరు. మరీ తగ్గిస్తే పదునైన రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు చోట్ల చిరుగుతుంది, లేదా టైరు రిమ్ము మీద జారి వాల్వు మొదలు తెగిపోతుంది. లగేజీ ఉన్న బండికి నాలుగైదు పీఎస్‌ఐ తగ్గింపు చాలు. తారు ఎక్కగానే మళ్లీ నింపాలి. చిన్న పంపు, గేజీ, టైరు లీవర్లు, ప్యాచులతో పాటు ముందు చక్రపు ట్యూబులు రెండు వెంట ఉంచుకోండి. అవసరమైతే 21 అంగుళాల ట్యూబునే వెనక టైరులో కూడా సర్ది, ఊరు చేరే వరకు నెమ్మదిగా నడపవచ్చు. వెనక ట్యూబు ముందుకు పనికిరాదు.

కొత్త టైర్లను బయలుదేరే ముందురోజు కాకుండా రెండు మూడు వారాల ముందే వేయించి, పూర్తి లగేజీతో పాకాల, లక్నవరం వైపు మట్టి దారుల్లో నడిపి చూడండి. ఆ రోజుల్లోనే ఒకసారి చక్రం ఊడదీసి ట్యూబు మార్చడం మీ చేతులతో మీరే చేయండి. బాతల్ దగ్గర పంక్చర్ షాపు ఉండదు.

ప్రశ్న: ఒక దుకాణంలో పాత స్టాకు టైర్లు తగ్గింపు ధరకు ఇస్తామంటున్నారు. అవి ఎంత పాతవో తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: టైరు పక్క భాగంలో డీఓటీ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు చూడండి. 2223 అని ఉంటే అది 2023వ సంవత్సరం 22వ వారంలో తయారైంది. కొన్ని టైర్లకు ఈ అంకెలు ఒక వైపే ఉంటాయి కాబట్టి రెండో వైపు కూడా తిప్పి చూపించమనండి. నీడలో నిల్వచేసిన ఏడాదిన్నర పాత టైరును తగ్గింపు ధరకు నిరభ్యంతరంగా కొనవచ్చు. నాలుగైదేళ్లు దాటినదాన్ని, దిమ్మలు కొత్తగా కనిపించినా, దూరప్రయాణానికి తీసుకోవద్దు; రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. దిమ్మల మొదట్లో సన్నని పగుళ్లు కనబడితే, తయారీ తేదీ ఏదైనా సరే, వద్దని చెప్పండి.