పాత ఐపాడ్ కొనదలిస్తే 2006 నాటిదా, 2009 నాటిదా?

పాటల కోసమే సెకండ్ హ్యాండ్ ఐపాడ్ కొనాలనుకుంటున్న మీరు 2006 నాటి 80 జీబీ వీడియో ఐపాడ్, 2009 నాటి 160 జీబీ క్లాసిక్‌లలో ఏది మేలని అడిగారు. కొత్తలో కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం మొదటిది 20 గంటలు, రెండవది 36 గంటలు పాడేవి. కానీ ఇన్నేళ్లకు రెండింటి బ్యాటరీలూ నీరసించి, లోపల తిరిగే హార్డ్ డిస్కులు అరిగి ఉంటాయి కనుక, విప్పి బాగుచేయడం ఎంత సులభమన్నదే అసలు విషయం.

వీడియో ఐపాడ్ ముందుభాగం ప్లాస్టిక్‌ది కావడంతో సన్నని పనిముట్టుతో ఓపికగా తెరిచి, బ్యాటరీ మార్చి, డిస్క్ స్థానంలో అడాప్టర్‌తో మెమరీ కార్డు అమర్చుకోవచ్చు. క్లాసిక్ ముందుభాగం లోహంతో చేసినది, లోపలి క్లిప్పులు గట్టివి. తెరిచేటప్పుడు అంచులు వంగిపోవడం మామూలే. అందువల్ల సొంతంగా విప్పే ఉద్దేశం ఉంటే నిస్సంకోచంగా పాతదే తీసుకోండి. ఎవరైనా ఇప్పటికే బ్యాటరీ మార్చి, శ్రద్ధగా వాడిన 2009 క్లాసిక్ దొరికితే మాత్రం వదులుకోకండి.

2007, 2008 క్లాసిక్‌ల జోలికి వెళ్లవద్దు. ఎంత పెద్ద కార్డు పెట్టినా వాటి సొంత సాఫ్ట్‌వేర్ 128 జీబీకి మించి గుర్తించదు.