లెదర్ కోరల్ ముక్కలు రాయికి ఎందుకు నిలవడం లేదు? కోయడం కంటే అతుక్కోనివ్వడమే పెద్ద పని

మీ ఉప్పునీటి అక్వేరియంలోని టోడ్‌స్టూల్ లెదర్ (పుట్టగొడుగులా ఉండే మెత్తని కోరల్, అంటే పగడం) గొడుగు బాగా విచ్చుకుని కింద ఉన్నవాటికి లైటు తగలనివ్వడం లేదు. కొత్తవిగా పెంచుదామని అంచు కోసి సూపర్ గ్లూతో రాయికి అతికిస్తే ముక్కలు మర్నాటికే ఊడి కొట్టుకుపోయాయి. ఇంకా కోస్తే తల్లి కోరల్ చచ్చిపోతుందేమోనని టెన్షన్. మీరు అడిగింది ఇదే కదా.

ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఆరోగ్యంగా ఉన్న సార్కోఫైటాన్ (టోడ్‌స్టూల్ లెదర్ శాస్త్రీయ నామం) గొడుగు మొత్తం తీసేసినా మిగిలిన కాడ మీద కొత్త గొడుగు వస్తుంది. నా ట్యాంకులో ఉన్న పెద్దదాన్ని ఏళ్లుగా అలాగే కోస్తున్నాను. కోసిన కాడ మొదట్లో ముడుచుకుపోయి మోడులా ఉంటుంది. కొన్ని వారాలకు పైఅంచు గుండ్రంగా తిరిగి, దాని మీద చిన్న చిన్న పాలిప్స్ (పువ్వుల్లా విచ్చుకునే కోరల్ జీవులు) లేస్తాయి. ఒక్కో పాలిప్‌కి ఎనిమిదే టెంటకిల్స్ (మీసాల్లాంటి చేతులు), వాటికి రెండు పక్కలా సన్నని నూగు. దగ్గరగా చూడండి, చాలా బాగుంటుంది.

ఇక గ్లూ సంగతి. లెదర్ కోరల్ ఒళ్లంతా జిగటే, కోస్తే ఇంకా ఎక్కువ వదులుతుంది. మీ గ్లూ పట్టుకున్నది ఆ జిగటని, కండని కాదు. అందుకే జిగట జారగానే ముక్క కూడా జారిపోయింది. గట్టి కోరల్‌కైతే కింద సున్నపు అస్థిపంజరం ఉంటుంది కాబట్టి గ్లూ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. లెదర్‌లోనూ సున్నం ఉంది గానీ, అది కండలో చెల్లాచెదురుగా ఉండే సన్నని పలుకులుగానే ఉంటుంది. కాడ మొదట్లో కోస్తుంటే బ్లేడు కింద గరగరలాడేది అవే.

కోసే ముందు ఒకటి చూసుకోండి. గొడుగు మీద మైనం పూసినట్టు పొర కమ్మి, పాలిప్స్ మూసుకుని ఉంటే అది పొర విడిచే టైము. ఆ పొర ఊడి, మళ్లీ పూర్తిగా తెరుచుకునేదాకా ఆగండి. కోసేది కూడా ట్యాంకులో కాదు. కోరల్‌ని రాయితో సహా ట్యాంకు నీళ్లున్న ట్రేలోకి తీసి, కొత్త బ్లేడుతో ఒక్క లాగులో కోయండి. ఈ జాతి పక్క కోరల్స్‌ని అణచడానికి టెర్పీన్లనే రసాయనాలు తయారుచేస్తుంది, కోసినప్పుడు అవి బయటికొస్తాయి. ట్రేలో నీళ్లు తిరిగి ట్యాంకులో పోయకండి. ముక్కల్ని వేరే గిన్నెలో ట్యాంకు నీళ్లతో కడిగాకే లోపల పెట్టండి. ఆ వారమంతా ఫిల్టర్‌లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లలోని రసాయనాల్ని పట్టేసే బొగ్గు) నడపండి.

ముక్కలు రెండు మూడు సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. మరీ చిన్నవైతే కుళ్లే అవకాశం ఎక్కువ. అంచు ముక్కలకు నేను వాడేది మూత లేని చిన్న ప్లాస్టిక్ డబ్బా. అడుగున రాతి పలుకులు పరిచి, వాటి మీద ముక్కల్ని కోసిన వైపు కిందకి, పాలిప్స్ వైపు పైకి ఉండేలా పెట్టి, పైన వలగుడ్డ కప్పి రబ్బరు బ్యాండ్ వేస్తాను. గుడ్డ వదులుగానే ఉండాలి, ముక్కను నొక్కకూడదు. డబ్బా పెట్టే చోటే అసలు కీలకం. పవర్‌హెడ్ (ట్యాంకులో నీళ్లని తోసే పంపు) ఎదురుగా పెడితే ముక్కలు కదులుతూనే ఉంటాయి, అతుక్కోవు. నీళ్లు కదలని మూలన పెడితే అడుగున జిగట పేరుకుని కుళ్లుతాయి. వలగుడ్డ అంచు మెల్లగా ఊగేంత ఫ్లో ఉంటే చాలు. లైటు కూడా తల్లికి అందేదానికంటే తక్కువే ఉండాలి.

కాడ ఉన్న లావు ముక్కలకైతే టూత్‌పిక్ మంచిది. ముక్కలోంచి అడ్డంగా గుచ్చి, రెండు కొసలనీ రబ్బరు బ్యాండ్‌తో రాయికి బిగించండి. బ్యాండ్‌ని నేరుగా ముక్క మీదుగా వేస్తే మాత్రం కండని కోసేస్తుంది.

ఒకటి నుంచి మూడు వారాల్లో అతుక్కుంటాయి. ఈలోగా వేలితో లాగి చూడకండి, అప్పుడే పట్టిన కండ చిరిగిపోతుంది. ముక్క ముడుచుకుని పాలిప్స్ తెరవకపోయినా కంగారుపడక్కర్లేదు. కోసిన అంచు మెత్తబడి, గోధుమరంగు జిగటలా కారుతూ వాసనొస్తే మాత్రం ఆగొద్దు. చెడినంత మేరా, దాంతోపాటు కొంచెం మంచి కండ కూడా తీసేసి కడిగి పెట్టండి.

మీ నీళ్ల లెక్కలు, అంటే ఉప్పు 1.025 (సాపేక్ష సాంద్రత), వేడి 25 డిగ్రీలు, ఆల్కలినిటీ (నీటి క్షారత) 8 డీకేహెచ్, బాగానే ఉన్నాయి. నైట్రేట్‌ని సున్నాకి తేవాలన్న ఆలోచన మానుకోండి. సాఫ్ట్ కోరల్స్‌కి కాస్త నైట్రేట్ ఉంటేనే మంచిది.

తర్వాత జోయాంథిడ్స్ (రాయి మీద గుంపుగా పెరిగే, బటన్లలాంటి పాలిప్స్) కూడా కోస్తానని రాశారు. దయచేసి ఇది శ్రద్ధగా చదవండి. జోయాంథిడ్స్‌లో, ముఖ్యంగా వాటిలో ఒక రకమైన పాలిథోవాలో, పాలిటాక్సిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉండొచ్చు. 1971లో దాన్ని మొదట వేరుచేసింది హవాయి పాలిథోవాలోంచే. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, చేతికి గాయం ఉంటే ఆ పనే పెట్టుకోవద్దు. అవి ఉన్న రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ వేడినీళ్లలో మరిగించకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి.

జీనియా (Xenia) అనే మరో మెత్తని కోరల్‌కి ఇంత హంగామా అక్కర్లేదు. కోస్తే కొన్నిసార్లు కరిగిపోతుంది కాబట్టి నేనసలు కోయను. పక్కనే తగిలేలా రాతి ముక్క పెడితే తనే దాని మీదికి పాకుతుంది. అక్కడ గట్టిగా పట్టుకున్నాక, రెండింటి మధ్య మిగిలిన కండని కత్తెరతో కత్తిరించండి, అంతే.