కాఫీ మానేశారు సరే, తలనొప్పి మాత్ర సంగతేంటి?

మీ అమ్మగారు మోకాళ్ళ నొప్పులతో ట్రెడ్‌మిల్ మీద నడవలేరని, ఇంజెక్షన్ ఇచ్చి గుండెకు స్ట్రెస్ స్కాన్ (శ్రమ పడ్డప్పుడు గుండెకు రక్తం ఎలా అందుతుందో చూసే పరీక్ష) చేస్తామన్నారని, ముందు రోజు నుంచి ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పమని అడిగారు. మా నాన్నకు ఇదే పరీక్ష చేయించాం, ఆయనకీ మోకాళ్ళే అడ్డం. నన్నడిగితే ఈ పరీక్ష పాడయ్యేది ఆస్పత్రిలో కాదు, ముందు రోజు ఇంట్లోనే.

మాకిచ్చిన కాగితం మీద ‘పరగడుపున రావాలి, టీ కాఫీలు తాగకూడదు’ అని రెండు ముక్కలు రాసిచ్చి పంపేశారు. నాన్న అలాంటివి అక్షరాలా పాటించే మనిషి. ముందు రోజు పొద్దున్నుంచే కాఫీ ముట్టలేదు. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, సాయంత్రానికి తల పగిలిపోతోందన్నారు. కాఫీ ఒక్కసారిగా మానేస్తే అలా రావడం మామూలే. ఎవరికీ చెప్పకుండా తన మందుల డబ్బాలోంచి ఒక మాత్ర తీసి వేసుకుని పడుకున్నారు. తెల్లారి బయల్దేరే ముందు ఇంకొకటి.

అక్కడ చేతికి కాన్యులా, అంటే మందు ఎక్కించే సన్నటి గొట్టం పెట్టారు, ఛాతీ మీద ఈసీజీ తీగలు అంటించారు. అప్పుడు టెక్నీషియన్ అమ్మాయి ‘నిన్నటి నుంచి ఏమేం మాత్రలు వేసుకున్నారండీ?’ అని అడిగింది. ‘బీపీది, తలనొప్పిది’ అన్నారు నాన్న. తలనొప్పిది ఏదంటే జేబులోంచి స్ట్రిప్ తీసిచ్చారు. ఆ అమ్మాయి దాన్ని తిప్పి లైటు కింద పెట్టి చదివింది. పైన పారాసిటమాల్, దాని కింద చీమతలకాయలంత అక్షరాల్లో కెఫీన్. ఇంకేముంది, తీగలు పీకేసి ఇంకో రోజు రమ్మన్నారు. ‘కాఫీ మానేసినందుకు తలనొప్పి, ఆ తలనొప్పికి మళ్ళీ కాఫీయే మింగానన్నమాట!’ అని నాన్న దారంతా ఒకటే గొణుగుడు. నాకు మాత్రం ఆ అమ్మాయికి దండం పెట్టాలనిపించింది. అంతకుముందు మాట్లాడిన వాళ్ళలో ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు మరి.

అంత పట్టింపు ఎందుకంటే, ఈ పరీక్షలో ఇంజెక్షన్‌గా ఇచ్చే అడెనోసిన్, రెగాడెనోసన్ లాంటి మందులు గుండె రక్తనాళాలను విప్పారేలా చేస్తాయి. బాగున్న నాళంలో రక్తం జోరుగా పారుతుంది, పూడిక ఉన్న నాళంలో అంతగా పెరగదు. స్కాన్‌లో చూసేది ఆ తేడానే. కెఫీన్ ఏం చేస్తుందంటే, ఈ మందు వెళ్ళి కూర్చోవాల్సిన సీట్లో ముందే తువ్వాలు వేసేస్తుంది. మందు సరిగ్గా పని చేయదు, పూడిక ఉన్నా లేనట్టే రిపోర్టు రావచ్చు. దానికంటే వాయిదా వెయ్యి రెట్లు నయం. కొన్నిచోట్ల 12 గంటలు మానితే చాలంటారు, కొన్నిచోట్ల 24 అంటారు. నేనైతే 24 అనే చెప్తాను. కెఫీన్ తీసేశామని అమ్మే డీకాఫ్ కాఫీలోనూ కొంచెం కెఫీన్ ఉంటుంది. కోలా, చాక్లెట్, ఎనర్జీ డ్రింకులు కూడా వద్దు. రెండోసారి మేము చేసిన పని ఏమిటంటే, ఒక వారం ముందు నుంచే కాఫీ తగ్గిస్తూ వచ్చాం. తలనొప్పి ఊసే లేదు.

మందులు మాత్రం సొంతంగా ఆపకండి. వాడేవన్నీ కాగితం మీద రాసి, ఏది వేసుకోవాలో ఏది ఆపాలో డాక్టరు చేతే టిక్కు పెట్టించుకోండి. ఆస్తమా, పిల్లికూతలు ఉంటే తప్పకుండా చెప్పాలి. అలాంటివాళ్ళకు అడెనోసిన్ బదులు డోబుటమైన్ ఇస్తుంటారు. డోబుటమైన్ అయితే బీటా బ్లాకర్ల (బీపీకి, గుండెకు వాడే ఒక రకం మాత్రలు) సంగతి అడగాలి, ఎందుకంటే ఆ మందు గుండెను పరిగెత్తించాలని చూస్తుంటే ఇవి పగ్గాలు వేస్తాయి. ఆయాసానికి ఇచ్చే థియోఫిలిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే డైపిరిడమోల్ వాడుతుంటే అదీ చెప్పండి. షుగర్ ఉన్నవాళ్ళు పరగడుపున ఇన్సులిన్, మాత్రలు ఎలా వాడాలో ముందే కనుక్కోవాలి.

ఇక భయం సంగతి. చుట్టాల్లో సగం మంది ‘గుండెకే మందు ఎక్కిస్తారట’ అని బెదరగొడతారు, మిగతా సగం ‘అస్సలేం తెలియదు’ అంటారు. నాకు రెండో రకం వాళ్ళ మీదే ఎక్కువ కోపం. తెలుస్తుంది, ఎందుకు తెలియదు? రెగాడెనోసన్ దాదాపు 10 సెకన్లలో ఇచ్చేస్తారు. వెంటనే ఒళ్ళు వేడెక్కుతుంది, ఛాతీ బరువెక్కుతుంది, ఆయాసం వస్తుంది, తల దిమ్మంటుంది. చాలామందికి కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోతుంది, తగ్గకపోతే అమినోఫిలిన్ అనే విరుగుడు దగ్గరే ఉంచుకుంటారు. ఇదంతా ముందే చెప్పి తీసుకెళ్ళాం కాబట్టి నాన్న ‘ఆఁ, వచ్చింది, వచ్చింది’ అని క్రికెట్ కామెంట్రీలా చెప్తూ కూర్చున్నారు. ఏమీ చెప్పకుండా ఉంటే గుండెపోటే వచ్చిందనుకునేవారు.

స్కాన్ సాధారణంగా రెండుసార్లు తీస్తారు, మధ్యలో చాలాసేపు కూర్చోబెడతారు. కెమెరా కింద చేతులు తలపైకి ఎత్తి కదలకుండా పడుకోవాలి, భుజం నొప్పి ఉంటే ముందే చెప్పండి, దిండు సర్దుతారు. గదిలో ఏసీ చలి, శాలువా పెట్టుకోండి. ఛాతీ మీద తీగలు పెడతారు కాబట్టి పైన తేలిగ్గా తీయగలిగే బట్టలు వేయండి. ఇంజెక్షన్ ఇచ్చాక కాఫీ ఎప్పుడు తాగొచ్చో అక్కడే అడగండి, నాన్న నర్సును మొదట అడిగింది అదే.

అన్నిటికంటే ముందు, ఏ మందు ఇవ్వబోతున్నారో ఫోన్ చేసి పేరు కనుక్కోండి. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ పేరును బట్టే మారతాయి. ‘పొద్దున వచ్చాక చెప్తాంలెండి’ అంటే ఒప్పుకోకండి, ఎవరైనా తెలిసినవాళ్ళకు ఫోన్ ఇవ్వమనండి.