కొత్త సెమీ ఆటో షాట్‌గన్ ఇరుక్కుంటోందా? తూటాలు మార్చేముందు గ్రీజు తుడవండి

మీ ప్రశ్న చదవగానే ఏడేళ్ల కిందటి నా శనివారం ఒకటి గుర్తొచ్చి నవ్వొచ్చింది. మీరు రాసింది ఇదీ: డల్లాస్ దగ్గర ఉంటారు, ట్రాప్ (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లల్ని కాల్చే ఆట) ఆడదామని కొత్త 12 గేజ్ సెమీ ఆటో షాట్‌గన్ కొన్నారు, పెట్టె విప్పి నేరుగా రేంజ్‌కి పట్టుకెళ్లారు, చవగ్గా దొరికిన 1 ఔన్స్ తూటాలు రెండు డబ్బాలు కాలిస్తే తొమ్మిదిసార్లు ఇరుక్కుంది. షాపులో అడిగితే "హెవీ లోడ్లు కాల్చి బ్రేకిన్ చెయ్యండి" అన్నారు, అంటే బలమైన తూటాలు కాల్చి కొత్త తుపాకీని కుదురుకునేలా చెయ్యమని. రేంజ్‌లో ఒకాయన "బ్రేకిన్ లేదు గీకిన్ లేదు, మంచి తూటాలు కొనుక్కో" అన్నాడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు.

ఇద్దరూ చెప్పిందాంట్లో నిజం ఉంది. కానీ ఇద్దరూ అడగాల్సింది ఒకటి అడగలేదు. తుపాకీ విప్పి, ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు తుడిచారా?

నేను తుడవలేదు. థాంక్స్‌గివింగ్ సేల్‌లో కొన్నాను, ఇనర్షియా రకం (గ్యాస్, ఇనర్షియా అని రెండు రకాలుంటాయి, తేడా కింద చెప్తాను). మర్నాడే ట్రాప్ రౌండ్‌కి నిలబడ్డాను. ఐదు స్టేషన్లు, ఒక్కోదాంట్లో ఐదు చొప్పున 25 తూటాలు. ఏడు ఇరుక్కున్నాయి. ఖాళీ షెల్ ఎగిరి పక్కకి పడకుండా, తూటా వెనక తలుపులా మూసుకునే బోల్టుకీ, షెల్ బయటికొచ్చే కిటికీకీ మధ్య నిలువుగా నిలబడిపోయేది. పక్క స్టేషన్లలో నలుగురు ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. వాళ్లేమీ అనకపోవడమే ఎక్కువ సిగ్గుగా అనిపించింది. రౌండ్ అయ్యాక ఓ రిటైరైన పెద్దాయన నా తుపాకీ తీసుకుని, ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, బోల్టు వెనక్కి లాగి లోపల వేలు పెట్టి తీశాడు. వేలి చివర గోధుమరంగు జిగురు, తీగపాకంలా సాగింది. "ఇది నూనె కాదు. ఓడలో తుప్పు పట్టకుండా పూసేది" అన్నాడు.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద పేపర్లు పరిచి మాన్యువల్ ముందు పెట్టుకుని విప్పాను. బ్యారెల్, బోల్టు, ట్రిగ్గర్ గ్రూప్ వేటికవి విడదీసి, పాత లుంగీ ముక్కలు చేసి, సాల్వెంట్‌తో తుడిచాను. ఎక్కువ గ్రీజు ఉన్నది ఎక్కడనుకున్నారు? బోల్టు తల తిరిగే గాడిలో, షెల్ అంచు పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద. బయటికి కనిపించే చోట అంతా శుభ్రంగానే ఉంది. తూటా కూర్చునే ఛాంబర్‌లో కూడా పలచగా పూత ఉంటుంది, దాన్నీ తుడిచెయ్యాలి. అక్కడ నూనె మిగలకూడదు. తర్వాత బోల్టు జారే పట్టాల మీద తుపాకీ నూనె రెండు చుక్కలు, అంతే. గ్యాస్ తుపాకీ అయితే పిస్టన్ మీద నూనె దిట్టంగా పూయకండి, మసితో కలిసి ముద్దవుతుంది. మీ మాన్యువల్ ఎంత పూయమంటే అంత. ఆ తర్వాతి శనివారం అవే తూటాలతో వెళితే ఏడు కాస్తా రెండుకి దిగాయి. ఆ రెండూ ఎందుకు మిగిలాయో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పుకోవాలి.

మా తాతగారికి ఊళ్లో పంట కాపలా లైసెన్స్ మీద డబల్ బ్యారెల్ ఉండేది. అడవిపందులు చేలో పడితే గాల్లోకి ఒకటి పేల్చడమే దాని ఉద్యోగం. అప్పట్లో తూటాలకి అట్ట గొట్టాలు. వానాకాలం చెమ్మకి ఉబ్బితే ఛాంబర్‌లోకి దిగేవి కావు, అందుకని ఆయన బియ్యం డబ్బాలో దాచేవాడు. దిగిందంటే మాత్రం ఇక పేచీ లేదు. డబల్ బ్యారెల్‌కి తూటా చిన్నదా పెద్దదా అన్న పట్టింపు లేదు, మడిచి తెరిచి చేత్తో లాగేస్తాం. సెమీ ఆటో అలా కాదు. పాత షెల్ బయటికి తోసి, కొత్తది ఎక్కించి, తలుపు మూసే పనంతా ఆ తూటా బలంతోనే చెయ్యాలి. బలం తక్కువైతే పని మధ్యలో ఆగుతుంది.

ఆ బలం వాడుకునే పద్ధతులు ఇప్పుడు ఎక్కువగా రెండు. గ్యాస్ రకంలో బ్యారెల్‌కి చిన్న రంధ్రాలుంటాయి, పేలినప్పుడు పుట్టే వాయువు కొంచెం అందులోంచి వచ్చి పిస్టన్‌ని నెడుతుంది. ఇనర్షియా రకంలో అవేమీ ఉండవు. ఆర్టీసీ బస్సు ఒక్కసారిగా ముందుకి కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టు, తుపాకీ మొత్తం భుజం వైపు దూకినప్పుడు లోపలి బరువైన బోల్టు క్యారియర్ ఉన్నచోటే ఉండిపోతుంది. మధ్యలో పొట్టి స్ప్రింగ్ నలుగుతుంది. నలిగిన స్ప్రింగ్ విడివడి క్యారియర్‌ని వెనక్కి తంతుంది. అంటే తుపాకీ కదలడమే దానికి ఇంధనం. కాబట్టి చిన్న తూటాలంటే ఇనర్షియాకి ఎక్కువ కష్టం. తుపాకీకి అదనపు బరువులు తగిలించినా అంతే, కదలిక తగ్గిపోతుంది. మీది ఏ రకమో మీరు రాయలేదు గానీ, 1 ఔన్స్‌తో అన్నిసార్లు ఇరుక్కుందంటే ఇనర్షియా అనే నా అనుమానం.

ఈ తంటా కొత్తదేం కాదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఆటో-5, 1902లో బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీలో తయారీ మొదలైన తొలి విజయవంతమైన సెమీ ఆటో షాట్‌గన్. దాంట్లో తూటాలు నింపే మ్యాగజైన్ ట్యూబ్ మీద రాపిడి రింగులుండేవి. తేలిక తూటాలకి ఒకలా, బరువు తూటాలకి ఒకలా వాటిని అమర్చుకోవాల్సొచ్చేది. ఇప్పుడు చాలా గ్యాస్ తుపాకుల్లో మిగులు వాయువుని బయటికి వదిలే వాల్వు ఉంటుంది కాబట్టి ఆ పని మనకి తప్పింది. కానీ చిన్న తూటా దగ్గర లేని బలాన్ని ఏ వాల్వూ తెచ్చిపెట్టలేదు.

ఇక డబ్బా చదవడం. మీరు కొనాల్సిన దాని మీద ఇలా ఉంటుంది: 12 గేజ్, 2¾ అంగుళాలు, 3 డ్రామ్, 1⅛ ఔన్స్, 7½ లేదా 8. పన్నెండు అంటే పూర్వపు లెక్క, ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావో బ్యారెల్ లోపలి కొలత అంత. 2¾ అంగుళాలు పేలి విచ్చుకున్నాక తూటా పొడవు. 1⅛ ఔన్స్ గుళ్ల బరువు. డ్రామ్ అనేది చాలామందిని తికమక పెడుతుంది. లోపలున్న తుపాకీమందు బరువు కాదది. పాతకాలం నల్ల తుపాకీమందు అన్ని డ్రాములు పోస్తే ఎంత వేగం వచ్చేదో, ఇప్పటి మందు ఆ వేగం ఇస్తుందని గుర్తు. 1⅛ ఔన్స్‌కి 3 డ్రామ్ అంటే సెకనుకి సుమారు 1200 అడుగులు, 2¾ డ్రామ్ అంటే 1145. కాగితం మీద తేడా చిన్నదే, కొత్త తుపాకీ లోపల మాత్రం అదే తెలుస్తుంది.

గుళ్ల నంబరు పెరిగితే గుళ్లు చిన్నవవుతాయి. 7½ ఒక్కోటి 2.4 మిల్లీమీటర్లు, ఔన్స్‌కి దాదాపు 350. 8 అయితే 410 దాకా, 9 అయితే 585. ట్రాప్‌లో క్లే (మట్టి బిళ్ల) దూరంగా పోతుంది కాబట్టి 7½, 8 వాడతాం. స్కీట్ అనే ఇలాంటిదే ఇంకో ఆటలో దగ్గరగా దాటుతుంది, 9 చాలు. ఇక్కడి అమెరికా ట్రాప్ నిబంధనల్లో 7½ కంటే పెద్ద గుళ్లు, 1⅛ ఔన్స్ కంటే ఎక్కువ బరువు కుదరవు. ఒలింపిక్స్‌లో అయితే 24 గ్రాములకి మించకూడదు. మన హైదరాబాద్ కైనన్ చెనాయ్ రియోలో ట్రాప్ కాల్చింది ఆ కొలతతోనే. ఆ స్థాయి వాళ్లంతా వాడేది ఒకదాని మీద ఒకటి బ్యారెళ్లుండే మడిచే తుపాకులు కాబట్టి, 24 గ్రాములకి ఇరుక్కుంటుందన్న బెంగ వాళ్లకి లేదు.

డబ్బా మీద రాయనిది ఇంకొకటి ఉంది, అడుగు లోహం. చవక తూటాల్లో చాలావాటికి అడుగున ఉండేది ఇత్తడి కాదు, ఇత్తడి రంగు పూసిన ఉక్కు. పేలినప్పుడు ఉబ్బి మళ్లీ ముడుచుకునే విషయంలో ఇత్తడి నయం. కొత్త ఛాంబర్ కాస్త బిగుతుగా ఉంటే ఉక్కు అడుగు పట్టేస్తుంది. ఫ్రిజ్ అయస్కాంతం ఒకటి షెల్ అడుగున ఆనించి చూడండి, అతుక్కుంటే ఉక్కే. నాకు మిగిలిన రెండు జామ్‌లూ ఇవే. అడుగు ఇత్తడిగా ఉన్నవి మార్చాక పోయాయి.

నేను బ్రేకిన్ చేసింది ఇలా. తుడిచాక 1⅛ ఔన్స్, 3 డ్రామ్ తూటాలు నాలుగు డబ్బాలు, అంటే వంద. ఒక్కరోజులో కాదు, రెండు శనివారాల్లో. మధ్యలో ఒకసారి విప్పి తుడిచాను. బోల్టు పట్టాల మీద నల్లటి పూత కొద్దికొద్దిగా మెరుపెక్కింది, స్ప్రింగులు కుదురుకున్నాయి, చేత్తో లాగినప్పుడు వచ్చే గరగర తగ్గింది. బ్రేకిన్ అంటే ఇంతే, మంత్రమేం లేదు. ఐదో డబ్బాలో 1 ఔన్స్ తూటాలు వేసి చూశాను. మొదటి పదింట్లో ఒకటి తడబడింది, ఆ తర్వాత మళ్లీ లేదు. ఇప్పటికీ అవే వాడుతున్నాను, జేబుకీ భుజానికీ తేలిక.

హెవీ లోడ్ అన్నారు కదా అని 3 అంగుళాల మాగ్నమ్ కొనకండి. ఆ తప్పు కూడా చేశాను. ఒక డబ్బా కాల్చేసరికి భుజం కమిలి, రాత్రి అమృతాంజనం రాసుకుంటుంటే మా ఆవిడ "ఇదేం సరదా" అంది. అసలు నష్టం నొప్పి కాదు. తర్వాత నెలరోజులు ట్రిగ్గర్ నొక్కేముందే కన్ను మూసుకుపోయేది, దాన్ని పోగొట్టుకోవడం బ్రేకిన్ కంటే కష్టమైంది. బోల్టు వెనక్కి లాగి రాత్రంతా ఉంచితే స్ప్రింగ్ సాగుతుందని కూడా చెప్తారు. చేసి చూశాను, నాకేం తేడా కనిపించలేదు. ఖాళీ తుపాకీ బోల్టు టీవీ చూస్తూ ఓ వందసార్లు లాగి వదలడం మాత్రం పనికొచ్చింది. తూటాలు వేరే గదిలో పెట్టి, ఛాంబర్ వేలితో తడిమి చూశాకే సుమా.

తుపాకీ కుదురుకున్నాక ఒక గంట పెద్ద కాగితం మీద కాల్చి, గుళ్లు ఎలా పడుతున్నాయో చూడండి. 30 అంగుళాల వృత్తం, 40 గజాలు, ఇది అందరూ పాటించే కొలత. చోక్ అంటే గుళ్లు ఎంత చెదరాలో నిర్ణయించే, బ్యారెల్ మూతి దగ్గరి బిగింపు. ఫుల్ చోక్ అయితే గుళ్లలో 70 శాతం, మాడిఫైడ్ అయితే 60, ఇంప్రూవ్డ్ సిలిండర్ అయితే 50 ఆ వృత్తంలో పడాలి. అచ్చు అంతే ఎప్పుడూ పడవు. ఒకే చోక్‌లో రెండు కంపెనీల 8 నంబరు వేస్తే ఒకటి మధ్యలో గుత్తిలా, ఒకటి అంచుల్లో చెదిరి పడ్డాయి నాకు. మొదటిదే ఖాయం చేసుకున్నాను. నచ్చింది దొరికితే ఫ్లాట్‌గా, అంటే పది డబ్బాలు, 250 ఒకేసారి తీసుకోండి. వారానికో రకం మారిస్తే తప్పు మీదో తూటాదో ఎప్పటికీ తేలదు.

కొన్ని జాగ్రత్తలు, ఇవి మాత్రం సరదాగా తీసుకోకండి. పేలినప్పుడు మామూలు చప్పుడు రాకుండా "ఫుస్" మంటే వెంటనే ఆగండి. గొట్టం నేల వైపు కాకుండా దూరంగా, సురక్షితమైన దిక్కుకి ఉంచి ఖాళీ చేసి, బ్యారెల్‌లో వాడ్ (తూటాలో మందుకీ గుళ్లకీ మధ్య ఉండే ముక్క) ఇరుక్కుందేమో చూడండి. అడ్డం ఉండగా ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. పసుపు రంగు 20 గేజ్ తూటా ఒక్కటి కూడా మీ సంచిలో ఉండకూడదు. అది 12 గేజ్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది, పైన 12 పెట్టి పేలిస్తే చేతులు పోతాయి. 20 గేజ్‌కి పసుపు రంగు పెట్టిందే ఇందుకు. 2¾ ఛాంబర్‌లో 3 అంగుళాల తూటా కూడా దూరుతుంది, కానీ పేలాక మూతి విచ్చుకునేందుకు చోటుండదు, ఒత్తిడి పెరిగిపోతుంది. ఛాంబర్ కొలత బ్యారెల్ మీద చెక్కి ఉంటుంది, చూసుకోండి. ట్రాప్‌లో ఎప్పుడూ ఒకే తూటా ఎక్కించండి. మీ ఖాళీ షెల్స్ కుడివైపు ఆయన చెంపకి తగులుతుంటే షెల్ క్యాచర్ కొనండి, పోట్లాటలు తగ్గుతాయి.

మన వాళ్లలో చాలామందికి తెలియనిది ఇంకొకటి. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉంటే చింత లేదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ ఒక్క తూటా గానీ దగ్గరుంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. "ఓసారి కాల్చి చూస్తాం బ్రో" అని స్నేహితులు వస్తే ముందు అది తేల్చుకోండి.

మీరిప్పుడు చెయ్యాల్సింది, ఈ వారం విప్పి తుడవండి, వచ్చే శనివారం ఇత్తడి అడుగున్న 1⅛ ఔన్స్ 3 డ్రామ్ రెండు డబ్బాలు కాల్చి చూడండి. నాలుగు డబ్బాలయ్యాక కూడా ఇరుక్కుంటే మీ తప్పు కాదు, కొన్నచోటికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఇరుక్కున్న ఖాళీ షెల్స్ పారెయ్యకుండా సంచిలో వేసి పట్టుకెళ్లండి. అంచు మీద ఎక్స్‌ట్రాక్టర్ గోరు గీసిన గీత చూస్తే చాలు, చేయి తిరిగిన గన్‌స్మిత్ లోపం ఎక్కడుందో చెప్పేస్తాడు.