అత్తవారి పారిష్‌లో వంశం వెతికే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌షైర్‌లో మీ అత్తగారి పూర్వీకుల్ని వెతుకుతానన్నావు. సంతోషం. ఇంట్లోనే మొదలుపెట్టు. పాత బైబిల్ మొదటి పేజీలు, ఫొటోల వెనక రాతలు ముందు చూసుకుని, తెలిసిన మనిషి నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్లు. ఎవరో పేరున్నవాడి నుంచి కిందికి దిగబోతే వేరేవాళ్ల వంశంలో తేలతావు.

స్కాట్లాండ్‌లో జనన, మరణ, వివాహాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. ఆ రికార్డులుండే ప్రభుత్వ వెబ్‌సైట్ స్కాట్లాండ్స్‌పీపుల్‌లో వెతకడం ఉచితం, పత్రం తెరవడానికి క్రెడిట్లు కొనాలి. ముందు మరణ పత్రం తెరువు. అందులో తండ్రి పేరుతో పాటు తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది. అయితే ఆ వివరాలు చెప్పింది చనిపోయినవాళ్లు కాదు కదా! చెప్పినవారు కొడుకా, పొరుగువాడా చూసి ఎంత నమ్మాలో తేల్చుకో. 1855 నాటి జనన పత్రం దొరికితే అదృష్టమే. తల్లిదండ్రుల వయసులు, పుట్టిన ఊళ్లు కూడా రాశారు. ఆ మరుసటి ఏడాదే వాటిని తీసేశారు.

అసలు చిక్కు పేర్లతో వస్తుంది. మనలాగే వాళ్లూ పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టేవారు. ఒక తాతకు నలుగురు కొడుకులుంటే ఆయన పేరు మోసే మనవలు నలుగురు ఉండొచ్చు, అదీ ఒకే పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్లలో. అందుకే ప్రతి పత్రంలోనూ వాళ్లు ఉన్న ఫార్మ్ పేరు రాసుకో. మనుషుల్ని విడదీసేది అదే. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం ఉచితంగా పెట్టిన ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) వారి మైలుకు ఆరంగుళాల కొలత పటాల్లో ఆ ఫార్మ్‌ను గుర్తించు. కూలికి కుదిరే పాలేళ్లు మాత్రం మే, నవంబరు గడువుల్లో ఫార్మ్ మారేవారు. అక్కాతమ్ముళ్లు వేర్వేరు పారిష్‌లలో పుట్టడం మామూలే. చుట్టుపక్కల పారిష్‌లన్నీ చూడకుండా లేరని అనుకోకు.

1841 జనగణనతో జాగ్రత్త. పదిహేనేళ్లు దాటినవారి వయసును సాధారణంగా కిందున్న అయిదు గుణిజానికి తగ్గించి రాశారు. 39 ఏళ్లవాడు 35 అయిపోతాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా రాయలేదు. 1851లో ఆ బంధుత్వం దొరుకుతుంది.

1855కి ముందు చర్చి పుస్తకాలే దిక్కు, వాటిలో ఖాళీలు చాలా. 1783 నుంచి 1794 దాకా ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను ఉండేది, అందుకని చాలామంది రాయించుకోలేదు. 1843లో చర్చి చీలాక ఫ్రీ చర్చికి వెళ్లినవాళ్లు పాత పుస్తకాల్లో కనబడకపోవచ్చు. అప్పుడు కిర్క్ సెషన్ మినిట్స్, అంటే చర్చి పెద్దల సభ రాసుకున్న పుస్తకాలు తీయి. పెళ్లికాని తల్లిని పిలిచి బిడ్డ తండ్రి ఎవరని అడిగిన విచారణలు అందులో ఉంటాయి. ఇంకెక్కడా దొరకని తండ్రి పేరు అక్కడ దొరకవచ్చు. అలాంటిది బయటపడితే మీ అత్తగారికి ఒంటరిగా ఉన్నప్పుడు, నెమ్మదిగా చెప్పు.

ఊరి సంగతులకు 1791–99 నాటి స్టాటిస్టికల్ అకౌంట్ చదువు. సర్ జాన్ సింక్లెయిర్ ప్రశ్నలు పంపితే పాస్టర్లు తమ పారిష్ పంటలు, కూలి, బడి గురించి రాశారు. మన ఊళ్ల కైఫీయతులు, అంటే స్థానిక చరిత్రలు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ కూడా స్కాట్లాండ్‌లోని స్టోర్నవేలో పుట్టినవాడే. అందుకేనేమో నాకు ఆ రెండూ చుట్టాల్లా అనిపిస్తాయి.

శ్మశానానికి పొద్దున్నో సాయంత్రమో, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లు. మబ్బుగా ఉంటే రాతికి పక్కనుంచి టార్చి వేస్తే అరిగిన అక్షరాలు లేస్తాయి. వైరు బ్రష్, సుద్ద, షేవింగ్ నురగ వాడకు, రాయి పాడవుతుంది. ఒరిగిన రాయికి ఆనుకోకు, మీద పడవచ్చు. భార్య పేరు చాలాచోట్ల పుట్టింటి ఇంటిపేరుతోనే చెక్కి ఉంటుంది కాబట్టి పక్క రాళ్లనూ ఫొటో తీసుకో, ఆమె పుట్టింటివాళ్లు అక్కడే ఉండొచ్చు.

ఏ పుస్తకం, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చూశావో, దొరకనివి కూడా తేదీ వేసి రాసిపెట్టుకో.