లేబర్ డే దాటాక తెల్లబట్టలు వేసుకోకూడదా?

మీరు అడిగిన విషయం ఇది: ఇంగ్లీషు అలవాటు కావడానికి అమెరికన్ ధారావాహికలు చూస్తున్నారు, ఒక సన్నివేశంలో ఒకామె తెల్ల ప్యాంటు వేసుకుని రాగానే పక్కనున్నవారు "లేబర్ డే అయిపోయింది కదా" అని నవ్వారు, మాటలన్నీ అర్థమయ్యాయి గాని ఆ నవ్వు ఎందుకో అర్థం కాలేదు. నేను జార్జియా రాష్ట్రంలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. మా ఊరి గ్రంథాలయంలో కొత్తగా వచ్చినవారికి ఇంగ్లీషు సంభాషణ నేర్పే తరగతిలో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను కాబట్టి, సెప్టెంబరు వచ్చిందంటే ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగడం నాకు మామూలే.

ముందుగా ఆ నియమం ఏమిటో చెప్తాను. అమెరికాలో లేబర్ డే సెప్టెంబరు మొదటి సోమవారం వస్తుంది. ఆ రోజు దాటిన తరువాత, మళ్ళీ మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే వచ్చేదాకా, తెల్లని దుస్తులు వేసుకోకూడదన్నది ఒక పాత మర్యాద. ఇది చట్టం కాదు, మతాచారం అంతకన్నా కాదు. పాటించేవారు తక్కువ, తెలియనివారు ఇంకా తక్కువ. మన వైపు మంగళవారం క్షౌరానికి బయలుదేరిన మనిషిని "ఇవాళ మంగళవారం కదా" అని ఆటపట్టించినట్టే వీళ్ళు తెల్ల ప్యాంటును చూసి లేబర్ డేను గుర్తుచేస్తారు. ఆ మాట అనేవారిలో చాలామందికి దానిమీద నమ్మకం ఉండదు.

పండుగకూ తెలుపుకూ సంబంధం ఏమిటని తరగతిలో వెంటనే అడుగుతారు. నిజానికి ఏమీ లేదు. మనకు మే 1 కార్మిక దినం. అమెరికాలో మాత్రం 1882 సెప్టెంబరు 5న న్యూయార్క్‌లో కార్మికులు జరిపిన ఊరేగింపు నుంచి ఈ దినం మొదలై, 1894లో అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ సంతకంతో దేశమంతటికీ సెలవు అయింది. అయితే జనం మనసులో అది కార్మికుల రోజు కన్నా ముందు వేసవి ముగింపు. ఈతకొలనులు మూసేస్తారు, సముద్రతీరపు ఊళ్ళు ఖాళీ అవుతాయి, బట్టల దుకాణాల అద్దాల వెనుక ముదురు రంగులు కనిపిస్తాయి. దుస్తుల విషయంలో ఆ తేదీ గడువుగా మారింది అందుకే.

తెలుపునే ఎందుకు పట్టుకున్నారన్నది చరిత్రకారులు ఒక్క మాటతో తేల్చిన సంగతి కాదు. ఎండకు తెలుపు చల్లన, చలికి ముదురు రంగు వెచ్చన అనేది అందరూ చెప్పే కారణం. నాకు అది చాలినంత కారణంగా కనిపించదు, ఎందుకంటే మా జార్జియాలో సెప్టెంబరు నడుమ కూడా 30 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్లోరిడా, అరిజోనాల సంగతి చెప్పనక్కరలేదు. వాతావరణమే మూలమైతే ఈ నియమం న్యూయార్క్ చుట్టుపక్కలే ఆగిపోవాలి. రెండవ కారణం నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. 19వ శతాబ్దం చివరలో న్యూయార్క్ సంపన్నులు వేసవి అంతా రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ వంటి తీరప్రాంతపు భవంతుల్లో తెల్లని లినెన్ దుస్తులతో గడిపి, సెప్టెంబరులో బొగ్గుపొగ, గుర్రపు బండ్లు, వాన బురద ఉన్న నగరానికి తిరిగి వచ్చేవారు. మసి అంటుకునే బట్టను రోజూ ఉతికించుకోగలవారికే తెలుపు చెల్లుతుంది. ఊరు విడిచి నెలల తరబడి విశ్రాంతి తీసుకోగలవారికే అది సహజమైన వేషం. కొత్తగా డబ్బు సంపాదించి ఆ వర్గంలోకి అడుగుపెట్టేవారిని జల్లెడ పట్టడానికి ఇలాంటి చిన్న చిన్న నియమాలు పనికివచ్చాయని కొందరు అంటారు. దేశానికంతటికీ దుస్తుల తీరు చెప్పే పత్రికలు కూడా న్యూయార్క్‌లోనే అచ్చయ్యేవి కాబట్టి ఆ నగరపు ఋతువులే అందరి ఋతువులూ అయ్యాయి.

ఇలాంటి గడువులను ఒకప్పుడు ఎంత తీవ్రంగా పట్టించుకున్నారో తెలియాలంటే గడ్డి టోపీల కథ వినాలి. మా తరగతిలో నిద్రమొహాలను కూడా మేల్కొలిపే కథ ఇది. మగవారు వేసవిలో పెట్టుకునే గడ్డి టోపీని సెప్టెంబరు 15న తీసేసి ఫెల్ట్ టోపీకి, అంటే ఒత్తిన ఉన్నితో చేసిన టోపీకి, మారాలన్నది ఆనాటి వాడుక. గడువు దాటినా గడ్డి టోపీతో కనిపించినవాడి నెత్తిమీది టోపీని లాగి తొక్కేయడం కుర్రకారుకు సరదా. స్టాక్ మార్కెట్ దళారులు కూడా ఒకరి టోపీ ఒకరు నవ్వుతూ పాడుచేసుకునేవారట. 1922లో న్యూయార్క్ కుర్రాళ్ళు గడువుకు రెండు రోజుల ముందే, సెప్టెంబరు 13నే, మల్బెరీ బెండ్ ప్రాంతంలో ఫ్యాక్టరీ కార్మికుల టోపీలు లాక్కోవడం మొదలుపెట్టారు. తరువాత వారు ఓడరేవు కూలీల జోలికి వెళ్ళగా, వాళ్ళు ఊరుకోకుండా తిరగబడ్డారు. కొట్లాట ముదిరి మన్‌హాటన్ వంతెన మీద రాకపోకలు నిలిచిపోయాయి. అల్లరి ఆ రోజుతో ఆగక కొన్ని రోజులు సాగింది. కొందరు మేకులు దిగ్గొట్టిన కర్రలతో వీధుల్లో తిరిగారు, అరెస్టులు జరిగాయి, దెబ్బలు తిన్నవారు ఆసుపత్రుల్లో చేరారు. 1925లో అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ గడువు దాటాక గడ్డి టోపీ పెట్టుకుంటే న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాన్ని వార్తగా వేసింది. టోపీలు పోయాయి, వాటితో ఆ గొడవా పోయింది. తెలుపు మీది మాట మాత్రం మిగిలింది.

దక్షిణాది రాష్ట్రాల్లో ఈ నియమం పట్టు ముఖ్యంగా చెప్పుల మీద ఉంటుంది. ఈస్టర్ నుంచి లేబర్ డే దాకానే తెల్ల బూట్లు అని ఇక్కడి పెద్దతరం ఆడవారు ఇప్పటికీ అంటారు. నాతో పనిచేసి పదవీవిరమణ చేసిన ఒక పెద్దావిడ చొక్కా తెల్లగా ఉన్నా, కోటు తెల్లగా ఉన్నా పట్టించుకునేవారు కాదు గాని, అక్టోబరులో తెల్ల హైహీల్స్ చూస్తే మాత్రం కనుబొమలు ముడిచేవారు. ఆఫీసుకు వేసుకునే తెల్ల చొక్కాకు ఎన్నడూ ఆక్షేపణ లేదు. ఆటల బూట్ల ఊసు ఎవరూ ఎత్తరు. మందపాటి మీగడరంగు ఉన్నిబట్టను చలికాలపు తెలుపుగా అందరూ ఒప్పుకుంటారు. మర్యాదల గురించి 1922 నుంచి పుస్తకాలు వెలువరిస్తున్న ఎమిలీ పోస్ట్ కుటుంబపు సంస్థే, ఈ కాలంలో రంగు కన్నా బట్ట ఋతువుకు తగినదా కాదా అన్నది చూసుకుంటే చాలునంటోంది.

ఇక మీకు అసలు కావలసినది: ఆ మాట మీతోనే ఎవరైనా అంటే ఏమనాలి? చెప్పేవారి ముఖం చూడండి; తొంభై పాళ్ళు అది పలకరింపు. క్షమాపణ చెప్పుకుంటే ఎదుటివారే ఇబ్బంది పడతారు. మా తరగతిలో నేను నేర్పే జవాబు, చిరునవ్వుతో "ఐ లైక్ టు లివ్ డేంజరస్‌లీ" అనడం. వేసవిని వదులుకోవడం ఇష్టం లేదని చెప్పాలనుకుంటే "ఐయామ్ నాట్ రెడీ ఫర్ సమ్మర్ టు ఎండ్" అన్నా సరిపోతుంది. ఇక్కడి తెలుగువారికి ఈ సందర్భం తరచుగానే తగులుతుంది, ఎందుకంటే వినాయక చవితి చాలాసార్లు లేబర్ డే చుట్టుపక్కలే పడుతుంది. 2024లో లేబర్ డే సెప్టెంబరు 2న, చవితి 7న వచ్చాయి. చవితి పూజకు తెల్ల పంచెలు కట్టుకున్నవారిని ఎవరూ ఆక్షేపించరు. సంప్రదాయ దుస్తుల జోలికి ఆ నియమం రాదు.

ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను, ఎందుకంటే నేర్చుకునేవారు రెండు నియమాలను కలిపేసుకుంటారు. అమెరికన్ పెళ్ళికి అతిథిగా వెళ్ళే స్త్రీ తెల్లని దుస్తులు వేసుకోకూడదన్నది వేరే సంగతి. దానికి ఋతువుతో పని లేదు, అందులో హాస్యమూ లేదు. తెలుపు ఆ రోజు పెళ్ళికూతురిది. మధుపర్కాల అలవాటున్న మన కంటికి అంచున్న తెల్లచీర శుభప్రదంగానే కనిపిస్తుంది గాని, సహోద్యోగి పెళ్ళికి మీగడరంగు మీద జరీ అంచున్న చీర తీయాలనుకుంటే, దాన్ని పక్కనపెట్టి ఆకుపచ్చదో నీలందో కట్టుకుని వెళ్ళండి.